పాప ఎగ్జిమాకు పీపీఏఆర్ క్రీము కొనాలా, ఇంట్లో నూనె సరిపోతుందా?

రెండేళ్ల పాపకు ఎగ్జిమా అని, చర్మం రక్షణ పొర దెబ్బతిన్నదని డాక్టరుగారు చెప్పారని రాశారు. ‘పీపీఏఆర్‌ను ఉత్తేజపరుస్తుంది’ అన్న ఖరీదైన క్రీము కొనాలా, ఇంట్లో నూనె చాలదా అన్నది మీ ప్రశ్న. మా అబ్బాయికీ పసితనం నుంచి ఇదే బాధ. నేను ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను కాబట్టి ఈ విషయం కాస్త లోతుగానే చదివాను.

చర్మం పైపొరలో మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య అడుసులా ఉండేవి సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఆ అడుసు తయారీని నడిపించేవాటిలో పీపీఏఆర్-ఆల్ఫా ఒకటి. మీ క్రీము చెప్పే పీపీఏఆర్‌లలో ఇదొక రకం. ఇది న్యూక్లియర్ రిసెప్టర్, అంటే కణకేంద్రకంలో నేరుగా డీఎన్ఏ మీద పనిచేసే ప్రోటీన్. కొవ్వు ఆమ్లం వచ్చి తగులుకోగానే, ఆర్ఎక్స్ఆర్ అనే మరో రిసెప్టర్‌తో జతకట్టి, కొవ్వులను తయారుచేసే ఎంజైముల జన్యువులను, ఫిలాగ్రిన్ వంటి పైపొర ప్రోటీన్ల జన్యువులను పనిలోకి దింపుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో సమృద్ధిగా ఉండే లినోలిక్ ఆమ్లం ఈ రిసెప్టర్‌ను ప్రేరేపిస్తుంది. సెరమైడ్ల తయారీకి ముడిసరుకు కూడా అదే. ఇది మన శరీరంలో తయారుకాదు. 1929లో బర్ అనే శాస్త్రవేత్తల దంపతులు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టిన ఎలుకల చర్మం పొలుసులు కట్టింది.

అందుకే ఏ నూనె అన్నది ముఖ్యం. ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి. పెద్దవాళ్ల మీద షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన పరీక్షలో ఆలివ్ నూనె పైపొరను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదు. ఆలివ్‌లో ఎక్కువగా ఉండేది ఒలీక్ ఆమ్లం. ఎలుకల్లో ఆవనూనె పొర కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది. అయితే అంతా ఈ రిసెప్టర్ మహిమే అనుకోకండి. కొబ్బరినూనెలో లినోలిక్ ఆమ్లం నామమాత్రం, అయినా ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా పిల్లలకు అది మేలు చేసింది.

మా ఇంట్లో నువ్వుల నూనె, ఆపై సున్నిపిండితో నలుగు. నూనె పెట్టి, వెంటనే దాన్ని గీకేయడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. డాక్టరుగారు మొదట మాన్పించింది ఆ నలుగునే. గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపే స్నానం, తడి పూర్తిగా ఆరకముందే దళసరిగా మాయిశ్చరైజర్. మా అమ్మ మాత్రం ‘సున్నిపిండి లేకుండా పిల్లాడికి మురికి ఎలా పోతుంది’ అని చాలాకాలం సణిగింది. రాత్రుళ్లు గోకుడు తగ్గి, వాడు నిద్రపోవడం మొదలుపెట్టాక ఊరుకుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. స్టెరాయిడ్ క్రీములు పనిచేసేది కూడా న్యూక్లియర్ రిసెప్టర్ ద్వారానే. కానీ గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ మంటను అణచడంతో పాటు, ఎక్కువకాలం వాడితే కొవ్వుల తయారీని తగ్గించి చర్మాన్ని పలచన చేస్తుంది. డాక్టరు రాసినన్ని రోజులు భయపడకుండా వాడండి. చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి పూయకండి.

ఇక మీ క్రీము. ‘పీపీఏఆర్’ అన్న నాలుగు అక్షరాలకు అంత డబ్బు పెట్టాలని నేననుకోను. సువాసన లేని, రోజూ ధారాళంగా పూయగలిగే ధరలో ఉన్న మామూలు మాయిశ్చరైజర్ చాలు. నూనె కావాలంటే పొద్దుతిరుగుడే వాడండి, కానీ ‘హై ఒలీక్’ అని ఉంటే తీసుకోవద్దు, దానిలో లినోలిక్ తక్కువ. ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి ఒక రోజు చూడండి. చర్మం పగిలి రసి కారుతున్నా, పసుపు రంగు పక్కులు కట్టినా నూనె ఆపి డాక్టరుకు చూపించండి.