లైసెన్సు సాఫ్ట్‌వేర్ లేకుండా పవర్ ఎలక్ట్రానిక్స్ సిమ్యులేషన్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పవర్ ఎలక్ట్రానిక్స్ (విద్యుత్తును ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే సర్క్యూట్లు) అంటే ఇష్టం. సిమ్యులింక్ (మ్యాట్‌ల్యాబ్‌తో నడిచే, బ్లాకులు కలిపి సిమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్) కాలేజీ ల్యాబ్‌లో మాత్రమే ఉంది, అదీ వారానికి ఒక పూటే దొరుకుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఓపెన్ సోర్స్ టూల్స్‌తో సాధన చేద్దామంటే పైథాన్, ఎన్‌జీస్పైస్, ఆక్టేవ్, సైలాబ్ అని చాలా కనిపిస్తున్నాయి. సీ లాంగ్వేజ్ కొద్దిగా వచ్చు, అంతకుమించి ప్రోగ్రామింగ్ రాదు. ఉద్యోగ ప్రకటనల్లో చూస్తే సిమ్యులింక్, ప్లెక్స్, పీసిమ్ లాంటి లైసెన్సు సాఫ్ట్‌వేర్లు రావాలంటున్నారు. ఇంట్లోవాళ్లు ఇవన్నీ ఎందుకు, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు టూల్ సంగతి తేల్చేద్దాం. పైథాన్‌తో మొదలుపెట్టండి. అది చేతికొచ్చాక సర్క్యూట్ సిమ్యులేటర్ అయిన ఎన్‌జీస్పైస్ నేర్చుకోండి. మిగతావి ఈ ఏడాదికి పక్కన పెట్టేయండి. ఆక్టేవ్ మంచిదే, మ్యాట్‌ల్యాబ్ కోసం రాసిన ఫైళ్లు చాలావరకు అందులో నడుస్తాయి, కానీ సిమ్యులింక్ లాంటి భాగం అందులో లేదు. బ్లాకులు కలిపే పద్ధతి కావాలంటే సైలాబ్‌లో ఎక్స్‌కాస్ ఉంది. నాలుగూ ఇన్‌స్టాల్ చేసుకుని ఒక్కోదానిలో రెండేసి ఉదాహరణలు చూసి వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. అలా చేస్తే ఏదీ రాదు.

పైథాన్ ముందు ఎందుకంటారా? రెడీమేడ్ టూల్‌లో బ్లాకులు కలిపి రన్ నొక్కితే వేవ్‌ఫామ్ వచ్చేస్తుంది. అది అలాగే ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం నీళ్లు నమలాల్సి వస్తుంది. ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా ఆ ప్రశ్నే. సర్క్యూట్ సమీకరణాలు మీరే రాసుకుని, లూప్ మీరే తిప్పితే ఆ జవాబు మీకు ముందే తెలిసి ఉంటుంది. దీనికి లెక్కలకు నమ్‌పై, గ్రాఫ్‌లకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీలు చాలు. సీ లాంగ్వేజ్‌లో ఫర్ లూప్, ఇఫ్ రాయడం వచ్చినవాళ్లకు ఈ పనికి సరిపడా పైథాన్ రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు.

మొదటి సర్క్యూట్‌గా డీసీ వోల్టేజ్‌ను తగ్గించే బక్ కన్వర్టర్ తీసుకోండి. ఇన్‌పుట్ 24 వోల్టులు, డ్యూటీ (ఒక సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే భాగం) 0.5, స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 100 కిలోహెర్ట్జ్, ఇండక్టర్ 100 మైక్రోహెన్రీలు, కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు, లోడ్ 6 ఓమ్‌లు. కోడ్ రాయకముందే కాగితం మీద లెక్క వేయండి. అవుట్‌పుట్ 12 వోల్టులు, లోడ్ కరెంట్ 2 ఆంపియర్లు. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇండక్టర్ మీద 12 వోల్టులు పడతాయి కాబట్టి కరెంట్ మైక్రోసెకనుకు 0.12 ఆంపియర్ చొప్పున పెరుగుతుంది. ఆన్ టైమ్ 5 మైక్రోసెకన్లు, అంటే రిపుల్ 0.6 ఆంపియర్. కరెంట్ 1.7కీ 2.3కీ మధ్య తిరుగుతుందన్నమాట. అవుట్‌పుట్ వోల్టేజ్ రిపుల్ 7.5 మిల్లీవోల్టులు రావాలి.

ఇక కోడ్. గుర్తుంచుకోవాల్సిన వేరియబుల్స్ రెండే: ఇండక్టర్ కరెంట్, కెపాసిటర్ వోల్టేజ్. ప్రతి స్టెప్‌లో స్విచ్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా చూడాలి, దాన్నిబట్టి ఇండక్టర్ మీద వోల్టేజ్ ఎంతో తేల్చాలి, కరెంట్‌నూ వోల్టేజ్‌నూ కొంచెం ముందుకు జరపాలి. ముప్ఫై లైన్లు మించదు. స్టెప్ 0.1 మైక్రోసెకను పెట్టి 10 మిల్లీసెకన్లు నడిపితే లక్ష స్టెప్పులు. మామూలు ల్యాప్‌టాప్‌కు అదేమంత పని కాదు. మొదట్లో అవుట్‌పుట్ దాదాపు 21 వోల్టుల దాకా ఎగిరి, తర్వాత 12 దగ్గర కుదురుకోవడం చూస్తారు. కంగారు పడకండి, కోడ్ తప్పు కాదు. ఖాళీ కెపాసిటర్‌కు ఒక్కసారిగా పూర్తి డ్యూటీ ఇస్తే ఎల్‌సీ ఫిల్టర్ అలాగే ఊగుతుంది. అసలు కన్వర్టర్లలో డ్యూటీని మెల్లగా పెంచే సాఫ్ట్ స్టార్ట్ పెట్టేది ఇందుకే.

ఇదే కోడ్‌లో స్టెప్‌ను 1 మైక్రోసెకను చేసి చూడండి. ఒక సైకిల్‌కు పది స్టెప్పులే మిగులుతాయి. డ్యూటీ 0.53 పెట్టినా 0.57 పెట్టినా ఆ తేడా కోడ్‌కు కనపడదు. రెడీమేడ్ సాల్వర్ (సమీకరణాలను సాధించే ప్రోగ్రామ్) వాడినా ఇలాంటి చిక్కే ఇంకో రూపంలో వస్తుంది. సైపై అనే పైథాన్ లైబ్రరీలోని సాల్వర్ తన స్టెప్‌ను తానే పెంచుకుంటూ పోతుంది, గరిష్ఠ స్టెప్ ఎంతో మీరు చెప్పకపోతే స్విచ్ మారిన క్షణాన్నే దాటేసి వెళ్లిపోవచ్చు. గ్రాఫ్ నున్నగా, అందంగా వస్తుంది, కానీ తప్పు.

ఇప్పుడు లోడ్‌ను 6 ఓమ్‌ల నుంచి 120 ఓమ్‌లకు మార్చండి. నాకు బాగా ఇష్టమైన అభ్యాసం ఇది. సగటు కరెంట్ 0.1 ఆంపియర్, రిపుల్ మాత్రం పాత 0.6 దగ్గరే ఉంటుంది. మీ కోడ్ ఇండక్టర్ కరెంట్‌ను మైనస్ 0.2 దాకా దింపేసి, అవుట్‌పుట్ 12 వోల్టులేనని చూపిస్తుంది. నిజమైన సర్క్యూట్‌లో డయోడ్ ఉంది, అది కరెంట్‌ను వెనక్కి పోనివ్వదు. కోడ్‌లో ఒక్క లైను చేర్చండి: స్విచ్ ఆఫ్‌లో ఉండగా కరెంట్ సున్నా కన్నా తగ్గితే సున్నా చేసేయమని. ఈసారి 100 మిల్లీసెకన్ల దాకా నడపండి, తేలికపాటి లోడ్ కాబట్టి కుదురుకోవడానికి టైమ్ తీసుకుంటుంది. డ్యూటీ అదే 0.5, అయినా అవుట్‌పుట్ సుమారు 16.5 వోల్టుల దగ్గర నిలబడుతుంది. పాఠ్యపుస్తకంలో డిస్‌కంటిన్యువస్ మోడ్ (ప్రతి సైకిల్‌లో ఇండక్టర్ కరెంట్ కాసేపు సున్నా దగ్గర ఆగడం) అని సూత్రం బట్టీ పట్టి వదిలేసే విషయం ఇది. ఆ సూత్రం ఇచ్చే జవాబుతో మీ గ్రాఫ్‌ను పోల్చి చూసుకోండి. డయోడ్ బదులు రెండో మాస్‌ఫెట్ (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) పెట్టిన సింక్రనస్ బక్‌లో కరెంట్ వెనక్కి పోతుంది, అక్కడ మీ పాత కోడే కరెక్ట్. ఈ తేడాను సొంత గ్రాఫ్‌లతో చూపించగలిగిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవారు అంత తేలిగ్గా మరిచిపోరు.

వోల్టేజ్‌ను పెంచే బూస్ట్, పెంచనూ తగ్గించనూ గలిగే బక్-బూస్ట్, డీసీని ఏసీగా మార్చే సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ కూడా ఇదే పద్ధతిలో చేశాక ఎన్‌జీస్పైస్‌కు వెళ్లండి. 1973 ప్రాంతంలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టిన స్పైస్ వంశమే ఇది. సర్క్యూట్ బొమ్మ గీసుకుని నడపాలంటే కైక్యాడ్‌లోనే ఎన్‌జీస్పైస్ కలిసి వస్తుంది, పైథాన్ నుంచి నడపాలంటే పైస్పైస్ ఉంది. చాలామంది వాడే ఎల్‌టీస్పైస్ ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కాదు. అదీ వాడుకోవచ్చు, తప్పేం లేదు.

ఎన్‌జీస్పైస్‌లో కన్వర్టర్ పెట్టగానే ‘టైమ్‌స్టెప్ టూ స్మాల్’ అని ఆగిపోవడం మామూలే. ఆదర్శ స్విచ్, ఆదర్శ డయోడ్ క్షణంలో మారిపోతుంటే సాల్వర్ స్టెప్‌ను తగ్గించుకుంటూ పోయి చివరికి చేతులెత్తేస్తుంది. గేట్ పల్స్‌కు కొన్ని నానోసెకన్ల రైజ్ టైమ్ ఇవ్వండి, స్విచ్‌కు కొద్దిపాటి ఆన్ రెసిస్టెన్స్ పెట్టండి, డయోడ్‌కు సమాంతరంగా చిన్న ఆర్‌సీ స్నబ్బర్ (వరుసగా కలిపిన రెసిస్టర్, కెపాసిటర్) కలపండి. చాలాసార్లు వీటితోనే దారికొస్తుంది. స్విచింగ్ అంచుల దగ్గర అర్థంలేని రంపపు పళ్లు కనిపిస్తే ఇంటిగ్రేషన్ పద్ధతిని ట్రాపిజోయిడల్ నుంచి గేర్‌కు మార్చి చూడండి. తయారీ కంపెనీలు ఇచ్చే మాస్‌ఫెట్ మోడళ్లు కొన్ని ఒకే సాఫ్ట్‌వేర్‌కు తాళం వేసి ఉంటాయి, అవి ఇందులో తెరుచుకోవు. వాటితో కుస్తీ పట్టకుండా తాళం లేని మోడల్ ఉన్న పార్టు ఎంచుకోండి.

ఇక ప్రకటనల సంగతి. కంపెనీలు సిమ్యులింక్, ప్లెక్స్ అడగడం నిజమే, రెజ్యూమెలో ఆ పేర్లు లేకపోతే కొన్నిచోట్ల మొదటి వడపోతలోనే పోతారు. అందుకే వారానికి దొరికే ఆ ఒక్క పూటను వృథా చేయకండి. ఇంట్లో పైథాన్‌లో పూర్తి చేసిన బక్‌నే అక్కడ సిమ్యులింక్‌లో కట్టి, రెండు గ్రాఫ్‌లను ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. సర్క్యూట్ ముందే తెలుసు కాబట్టి ల్యాబ్‌లో మీకు మిగిలేది బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే. అప్పుడు రెజ్యూమెలో సిమ్యులింక్ అని రాసుకున్నా అది అబద్ధం కాదు.

కంట్రోల్ భాగాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, ఉద్యోగాల్లో ఎక్కువ పని అక్కడే. అవుట్‌పుట్‌లో తేడాను చూసి డ్యూటీని సరిదిద్దే పీఐ (ప్రొపోర్షనల్-ఇంటెగ్రల్) కంట్రోలర్‌ను పైథాన్‌లో రాసేటప్పుడు ప్రతి స్టెప్‌కూ నడిపేయకండి. అసలు మైక్రోకంట్రోలర్ సాధారణంగా స్విచింగ్ సైకిల్‌కు ఒకసారి కొలిచి, లెక్కగట్టి, కొత్త డ్యూటీని తర్వాతి సైకిల్‌లో అమలు చేస్తుంది. ఆ ఆలస్యాన్ని కోడ్‌లో పెట్టి చూడండి, అప్పటిదాకా నిలకడగా ఉన్న లూప్ ఊగడం మొదలుపెట్టొచ్చు. మీకు వచ్చిన కొద్దిపాటి సీ పనికొచ్చేదీ ఇక్కడే. కంట్రోలర్‌ను సీ ఫంక్షన్‌గా రాసి, సీటైప్స్ అనే లైబ్రరీ ద్వారా పైథాన్ నుంచి పిలవండి. అదే ఫంక్షన్‌ను తర్వాత స్వల్ప మార్పులతో బోర్డు మీదకు ఎక్కించవచ్చు.

సిమ్యులేషన్‌తోనే ఆగిపోతే మాత్రం ఉద్యోగం కష్టం. మాస్‌ఫెట్ ఎంత వేడెక్కుతుందో, బోర్డు మీది తీగల ఇండక్టెన్స్ వల్ల వోల్టేజ్ ఎలా ఎగురుతుందో మీ ముప్ఫై లైన్ల కోడ్ చెప్పదు. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా అదే 24 నుంచి 12 వోల్టుల బక్‌ను బోర్డు మీద కట్టి, ఆసిలోస్కోప్ వేవ్‌ఫామ్‌ను మీ గ్రాఫ్ పక్కన పెట్టండి. రెండూ ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో ఒక పేజీ రాయండి. గిట్‌హబ్‌లో కోడ్‌తో పాటు ఆ పేజీ కూడా ఉండాలి. మెయిన్స్ సరఫరాతో నడిచే సర్క్యూట్ల జోలికి ఒంటరిగా వెళ్లొద్దు. కరెంట్ లిమిట్ ఉన్న తక్కువ వోల్టేజ్ సప్లై మీకు చాలు.

ఇంట్లోవాళ్ల మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు, వాళ్ల భయం ఉద్యోగాల గురించే. వాళ్లకు ఇలా చెప్పండి: విద్యుత్ వాహనాల చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు, మోటార్ డ్రైవ్‌లు, డేటా సెంటర్ల పవర్ సప్లైలు తయారుచేసే చోట కంట్రోల్ ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు కావాలి, టెస్టింగ్ చేసేవాళ్లూ కావాలి. కన్వర్టర్‌ను రియల్ టైమ్‌లో అనుకరించి కంట్రోలర్ బోర్డును పరీక్షించే హెచ్‌ఐఎల్ (హార్డ్‌వేర్-ఇన్-ద-లూప్) పరికరాలకు టెస్ట్ స్క్రిప్టులు చాలాచోట్ల పైథాన్‌లోనే రాస్తారు. అంటే మీరు సాఫ్ట్‌వేర్‌కు దూరం కావడం లేదు. ఏడాది తిరిగేసరికి సర్క్యూట్ కన్నా కోడే ఎక్కువ నచ్చిందనుకోండి, పైథాన్, సీ, గిట్ ఈపాటికే వచ్చినవాళ్లుగా అటు మారొచ్చు. నిర్ణయం ఇవాళే తీసుకోవాల్సిన పని లేదు. ఈ వారాంతంలో బక్ కోడ్ రాయండి, 120 ఓమ్‌ల దగ్గర ఎంత వచ్చిందో చూడండి.