గురి తప్పిస్తున్నది సైట్లా, గొట్టంలోని మసా?

మూతి నుంచి మందు దట్టించే రైఫిళ్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర .50 కాలిబర్ మజిల్‌లోడర్ ఉంది. క్యాప్‌తో, అంటే దెబ్బకు పేలి మందుకు నిప్పు అందించే చిన్న టోపీతో, పేలే రకం. గుండ్రటి సీసపు గుండును గుడ్డముక్కలో పెట్టి దట్టిస్తాను. 50 గజాల దూరంలో మొదటి మూడు గుండ్లు అరచేతిలో ఇమిడేంత దగ్గరగా పడుతున్నాయి. ఆ తర్వాతవి పళ్లెమంత మేర చెదిరిపోతున్నాయి. ఆరో గుండును దింపాలంటే రామ్‌రాడ్ (గుండును గొట్టంలోకి దింపే కడ్డీ) మీద ఒళ్లంతా మోపవలసి వస్తోంది. మందు 60 గ్రెయిన్ల నుంచి 80కి పెంచితే పరిస్థితి ఇంకా చెడింది. గురి చూసే సైట్లు మార్చమంటారా?

జవాబు: సైట్లను ముట్టుకోవద్దు. ఆరో గుండు దిగడం లేదని రాసిన వాక్యంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. మొదటి గుండు వెళ్లిన గొట్టమూ ఆరో గుండు వెళ్లిన గొట్టమూ ఒకటి కావు. మధ్యలో పేలిన ఐదు గుండ్ల మసి లోపలి గోడలకు అంటుకుని, దాని కొలతనే మార్చేసింది.

ఈ రైఫిళ్లలో వాడేది పాతకాలపు తుపాకి మందు. దానిని నల్లగా ఉంది కదా అని ‘నల్లమందు’ అని కొందరు రాస్తున్నారు కానీ తెలుగులో ఆ మాటకు అర్థం వేరు కనుక, తుపాకి మందు అనడమే క్షేమం. సురేకారం, బొగ్గు, గంధకం సుమారు 75, 15, 10 పాళ్లలో కలిసిన ఈ మందు కాలినప్పుడు, దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. మీరు పోసిన 80 గ్రెయిన్లంటే సుమారు 5.2 గ్రాములు. అందులో రెండున్నర గ్రాములకు పైగా మసిగానూ లవణాలుగానూ మిగిలి, కొంత తెల్లటి పొగతో పాటు బయటికి పోయి, తక్కినది గొట్టంలోనే ఉండిపోతుంది. మందు పెంచితే గురి ఎందుకు చెడిందో ఇప్పుడు వేరే చెప్పనవసరం లేదు.

కాబట్టి ముందు 60 గ్రెయిన్లకు వెనక్కి వెళ్లి, ప్రతి రెండు గుండ్ల మధ్య గొట్టం తుడవడం అలవాటు చేసుకోండి. పేల్చిన తర్వాత కొంచెం ఆగి, నూలు పేలికను నీటితో గాని లాలాజలంతో గాని తడిపి, పిండి, ఒకసారి అడుగుదాకా దింపి పైకి తీయండి. పేలికను తిరగేసి ఇంకొకసారి, ఆ తర్వాత పొడి పేలికతో ఒకసారి తుడిస్తే చాలు. పేలిక చెమ్మగా ఉండాలే తప్ప నీరు కారకూడదు. కడ్డీ కొసన పేలికను పట్టి ఉంచే జాగ్ కూడా మరీ బిగువుగా ఉండకూడదు. పేలిక దిగేటప్పుడు మసి మీదుగా జారి, పైకి వచ్చేటప్పుడు మాత్రమే ముడుచుకుని మసిని బయటికి లాక్కురావాలి. జాగ్ బిగువైతే పేలిక మసినంతా ముందుకు నెట్టుకుంటూ పోయి అడుగున కూరుతుంది. చాలా రైఫిళ్లలో అడుగున మందు కూర్చునే గది గొట్టం కంటే సన్నగా ఉంటుంది కనుక, అక్కడ చేరిన బురద నిప్పు దారిని మూసేస్తుంది. తొలిరోజుల్లో నేను తడి ఎక్కువైతే శుభ్రం ఎక్కువవుతుందని నమ్మి, వరుసగా మూడు క్యాపులు పేలినా మందు అంటుకోక, ఒక మధ్యాహ్నమంతా గుండును వెనక్కి లాగే పనిలోనే గడిపాను.

తుడిచిన గొట్టంలో ప్రతి గుండూ ఒకే బిగువుతో దిగుతుంది. అప్పుడు రామ్‌రాడ్ మీద మీ చేతి ఒత్తిడి కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. మందు మీద గుండు ఎంత గట్టిగా కూర్చున్నదన్న దానిని బట్టి మందు కాలే తీరు మారుతుంది కనుక, ఇది చిన్న విషయం కాదు. గుండు మందును తాకి కూర్చున్నప్పుడు రామ్‌రాడ్ మీద మూతికి సమంగా ఒక గీత గీసుకోండి. ఖాళీ గొట్టానికి ఇంకొక గీత ఉండాలి. మొదటి గీత మూతి అంచుకు రాలేదంటే గుండు దారిలో ఆగిపోయిందని అర్థం. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. బిగుసుకున్న గుండు మీద ఒళ్లు మోపడం మాత్రం ఈ రోజుతో మానేయండి. మందు ఉన్న గొట్టం మూతి మీద ముఖమూ ఛాతీ వాలకూడదు. రామ్‌రాడ్‌ను మూతికి జానెడు పైన పట్టుకుని, కొద్దికొద్దిగా దింపాలి.

ఇదంతా కుదిరాక మందు మోతాదు సంగతి చూద్దాము. తయారీదారు పుస్తకంలో ఇచ్చిన పరిమితి దాటకుండా, 5 గ్రెయిన్ల చొప్పున మారుస్తూ, ఒక్కొక్క మోతాదుకు ఐదేసి గుండ్లు బెంచీ మీద ఆనించి పేల్చి చూడండి. మూడు గుండ్లు అదృష్టం కొద్దీ కూడా ఒకచోట పడతాయి. మందును పరిమాణపు కొలతతోనే కొలవాలి. పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయ మందులు బరువులో తేలిక కనుక, వాటిని తూకం వేసి పోస్తే మోతాదు మించిపోతుంది. కొలిచిన మందును కొలపాత్ర నుంచే పోయాలి తప్ప, మందు డబ్బాను నేరుగా గొట్టం మీద వంచకూడదు. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది. పొగరాని ఆధునిక మందును ఈ రైఫిల్‌లో ఏ మోతాదులోనూ వాడరాదు.

ప్రశ్న: గుండుకు చుట్టే గుడ్డముక్క ఎంత దళసరి ఉండాలి? దానికి ఇంజిన్ ఆయిల్ రాయవచ్చునా?

జవాబు: దళసరి ఎంతో మీ రైఫిలే చెబుతుంది. .50 కాలిబర్‌కు 0.490 అంగుళాల గుండు, 0.015 అంగుళాల బట్టతో చాలామంది మొదలుపెడతారు. దిండ్లకూ పరుపులకూ వాడే గట్టి నేత నూలుబట్టను, గంజి పోయేలా ఒకసారి ఉతికి వాడండి. నూలు కాని బట్ట వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది.

పేల్చిన తర్వాత రైఫిల్‌కు కొన్ని అడుగుల ముందు నేల మీద పడే గుడ్డముక్కను చాలామంది తొక్కుకుంటూ పోతారు. దానిని ఏరి చూడండి. నడుమ గుండు కూర్చున్నచోట బూడిదరంగు వలయం ఉండి, అంచులు మాత్రమే కొద్దిగా చీలికలై, మిగతా బట్ట మళ్లీ వాడవచ్చునేమో అన్నంత గట్టిగా ఉంటే జోడీ కుదిరినట్టే. నడుమ కాలి చిల్లు పడితే బట్ట పలచన, లేదా జిడ్డు చాలలేదు. ఈ రెండింటినీ ఒకేసారి మార్చకుండా, ఒకటి మార్చి చూడండి. గుండు నడుము తగిలే వలయంలో వరుసగా చిన్న కోతలు ఉంటే, గొట్టం లోపల మెలి తిరిగి ఉండే గాళ్ల అంచులు గాని మూతి అంచు గాని పదునుగా ఉండి బట్టను కోస్తున్నాయి. కొత్త రైఫిల్‌లో ఇది సహజం. వాడకంలో ఆ పదును తగ్గుతుంది.

ఇంజిన్ ఆయిల్ వద్దు. పెట్రోలియం నూనెలు ఈ మసితో కలిసి తారులా గట్టిపడతాయి. తేనెమైనం, జంతువుల కొవ్వు, మొక్కల నూనెలతో చేసిన జిడ్డు మసిని మెత్తగా ఉంచుతుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలకు పూసిన కొవ్వు 1857 తిరుగుబాటుకు నిప్పురవ్వ అయిందని మనమందరం బడిలో చదువుకున్నదే. ఆ కొవ్వు ఆ తూటా మీద ఎందుకు ఉందో మాత్రం పాఠాల్లో అంతగా చెప్పరు. గుండు సులువుగా దిగడానికీ, మసి గట్టిపడకుండా ఉండడానికీ అది కావలసి వచ్చింది.

ప్రశ్న: నా రైఫిల్ గాళ్లు 66 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. పొడుగు గుండు వాడితే గురి మెరుగుపడుతుందని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ రైఫిల్‌లో కాదు. గుండ్రటి గుండుకు నెమ్మదైన మెలిక చాలు. పొడుగు పెరిగే కొద్దీ గుండు తడబడకుండా ఉండడానికి వేగంగా తిరగాలి. పైన చెప్పిన ఎన్‌ఫీల్డ్‌లో మెలిక 78 అంగుళాలకు ఒక చుట్టు అయితే, సన్నని పొడుగు గుండును దూరానికి పంపడానికి చేసిన విట్‌వర్త్ రైఫిల్‌లో 20 అంగుళాలకే ఒక చుట్టు. మీది గుండ్రటి గుండు కోసం పుట్టిన గొట్టం.

ప్రశ్న: పేల్చిన రోజు సాయంత్రమే మరిగే నీళ్లతో కడిగి, నూనె రాసి దాచాను. పది రోజుల తర్వాత పేలిక దింపితే ఎర్రగా వచ్చింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: అదే రోజు కడగడం సరైన పనే. మసిలోని లవణాలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటాయి కనుక రాత్రంతా ఉంచడం మంచిది కాదు. పొరపాటు మరిగే నీళ్లలో ఉంది. వేడెక్కిన ఇనుము మీద నీరు ఆరిపోయే ఆ కొద్ది నిమిషాల్లోనే సన్నని తుప్పు పొర ఏర్పడుతుంది. మీరు దాని మీదే నూనె రాశారు. లవణాలు కరగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు, అందులో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపితే జిడ్డు కూడా పోతుంది.

ముందుగా ఖాళీ గొట్టపు గీతతో లోపల ఏమీ లేదని నిర్ధారించుకోండి. చెక్క నుంచి గొట్టం ఊడే రకమైతే, నిపుల్ (క్యాప్‌ను తొడిగే చిన్న మొన) విప్పి, గొట్టం అడుగును బకెట్టు నీళ్లలో ముంచి, పేలిక చుట్టిన కడ్డీని పైకీ కిందికీ ఆడించండి. పిచికారీలా నీళ్లు నిపుల్ రంధ్రం గుండా లోపలికి వస్తూ పోతూ ఉంటాయి. మొదటి బకెట్టు సిరా రంగుకు మారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తుంది. అది మందులోని గంధకం వాసన. నీళ్లు మారుస్తూ, తేటగా వచ్చేదాకా కొనసాగించి, పొడి పేలికలతో తుడవండి. అడుగున ఉన్న సన్నని మందు గది పెద్ద జాగ్‌కు అందదు. దానికి చిన్న సైజు బ్రష్ మీద పేలిక చుట్టి వాడాలి. పది రోజుల తర్వాత వచ్చే ఎరుపు తరచుగా అక్కడిదే.

గొట్టం పూర్తిగా ఆరిన తర్వాత తుప్పు పట్టనివ్వని నూనె పలచగా రాసి, నూనె అడుగుకు దిగకుండా మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. మరునాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి పొడి పేలిక దింపి చూడండి. గోధుమరంగు కనబడితే మళ్లీ కడగవలసిందే. కడ్డీ మూతి అంచుకు రాసుకోకుండా గైడ్ వాడితే మంచిది. ఆ అంచు ఒక పక్కకు అరిగితే గుండు అక్కడి నుంచే పక్కకు పోతుంది.

మళ్లీ పేల్చడానికి వెళ్లినప్పుడు, మందు పోయకముందే, నూనెను పొడి పేలికతో తుడిచేసి, ఖాళీ గొట్టం మూతిని నేల మీది ఒక గడ్డిపోచకు దగ్గరగా పెట్టి క్యాప్ పేల్చండి. పోచ కదిలితే నిప్పు దారి తెరుచుకున్నట్టే. కదలకపోతే నిపుల్ విప్పి లోపలి నూనె తీసేసి, మరొక క్యాప్‌తో మళ్లీ చూడండి.