చిప్ షాపు చిప్స్ రుచి ఇంట్లో రావాలంటే

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి గుంటూరు తిరిగొచ్చాక చిప్ షాపు చిప్స్ (అక్కడి కొట్లలో వేడివేడిగా అమ్మే, లావుగా కోసి వేయించిన బంగాళాదుంప ముక్కలు) కోసం ప్రాణం లాగుతోందని, ఇంట్లో ఎంత జాగ్రత్తగా వేయించినా కరకరలాడుతూ వేరే రుచి వస్తోందని రాశారు. అసలు చిక్కు ఆ కరకరలోనే ఉందండి. చిప్ షాపువి మెత్తగానే ఉంటాయి, ఉండాలి కూడా.

అక్కడ ఎక్కువగా వాడే మారిస్ పైపర్ రకం బంగాళాదుంపలో పిండి ఎక్కువ. ఇక్కడ కొత్త దుంపలు వద్దు. ముదిరిన, పొడిపొడిగా ఉడికే రకం తీసుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చలికి పిండి చక్కెరగా మారి, వేయించగానే నల్లబడతాయి. వేలెడు మందాన కోసి, కడిగి, గుడ్డతో తడి పూర్తిగా అద్దండి. 130 డిగ్రీల నూనెలో రంగు మారకుండా మెత్తబడనిచ్చి తీసి, చల్లారాక 180 డిగ్రీల దగ్గర లేత బంగారు రంగు వచ్చేదాకా మళ్లీ వేయించండి.

వెనిగర్ గురించి దిగులు వద్దు. అక్కడి చాలా షాపుల్లో పోసేది అసలైన మాల్ట్ వెనిగర్ (మొలకెత్తిన బార్లీతో చేసేది) కాదు, ఎసిటిక్ ఆమ్లంతో చేసిన ద్రవమే. మన కిరాణా కొట్లో దొరికే సింథటిక్ వెనిగర్ దానికి దగ్గరి చుట్టం. కాకపోతే లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో చాలాచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు; ఆ రుచి నూనెతో పూర్తిగా రాదు.

ఇక అందరూ మరిచిపోయే పని: ఉప్పు, వెనిగర్ చల్లి, తెల్ల కాగితంలో బిగించి పొట్లం కట్టి అయిదు నిమిషాలు ఆగండి. లోపలి ఆవిరికే అవి మెత్తబడతాయి. విప్పగానే ముక్కుకు తగిలే ఆ పుల్లటి వేడి, ఒకదానికొకటి అంటుకున్న ముక్కలు, అడుగున వెనిగర్‌లో నానిన చిన్న తునకలు... నేనైతే ఆ తునకలతోనే మొదలుపెడతాను.