పాదరసం నిబంధన రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికాలో మీ రాష్ట్ర పర్యావరణ శాఖలో చేరిన ఏడాదికే బొగ్గు విద్యుత్ కేంద్రాల పాదరసం నిబంధన నీ చేతికి వచ్చిందని చదివి చాలా సంతోషించాను. "పరిమితి ఎంత పెట్టమంటావు పెదనాన్నా?" అని అడిగావు. ఇలాంటి నిబంధన రాసేటప్పుడు ఆ అంకె మీదే ఎక్కువ గొడవ జరుగుతుంది. జనం అభిప్రాయాలు వినే హియరింగులో కంపెనీల లాయర్లు దాని గురించే మాట్లాడతారు, పేపర్లు దాన్నే హెడ్డింగులో పెడతాయి. నా మటుకు నాకు నిబంధన బలం అంకెలో సగమే అనిపిస్తుంది. ఆ అంకెను ఎన్ని రోజుల సగటు మీద చూస్తారు, దేనితో కొలుస్తారు, ఏ గంటల్ని లెక్కలోంచి వదిలేస్తారు అన్నవి మిగతా సగం. నీ టైము ఎక్కువగా వాటి మీద పెట్టు.

అన్నిటికన్నా ముందు మీ రాష్ట్ర చట్టాలు తిరగెయ్యి. ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ 116వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు కేంద్ర ప్రభుత్వం కన్నా కఠినంగా ఉండొచ్చు. కానీ కొన్ని రాష్ట్రాల శాసనసభలే తమ శాఖల చేతులు కట్టేసి, ఫెడరల్ నిబంధన దాటకూడదని చట్టం చేసుకున్నాయి. మీది అలాంటిదైతే ఆ విషయం ఇప్పుడే తేల్చుకో.

తర్వాత ఏ కేంద్రంలో ఏ బొగ్గు కాలుస్తున్నారో కనుక్కో. కొలిమి వేడికి బొగ్గులోని పాదరసమంతా ఆవిరవుతుంది. పొగ చల్లబడే దారిలో కొంత క్లోరిన్‌తో కలిసి నీళ్ళలో కరిగే రూపానికి మారుతుంది, కొంత బూడిదకు అంటుకుంటుంది. కరిగేదాన్ని పొగను తడిపి కడిగే వెట్ స్క్రబ్బర్ పడుతుంది, బూడిదకు అంటినదాన్ని గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్‌హౌస్ పడుతుంది. ఎటూ మారకుండా మిగిలిందే చిమ్నీలోంచి బయటికి పోతుంది. అపలాచియన్ బొగ్గులో క్లోరిన్ ఎక్కువ, వయోమింగ్ వైపు పౌడర్ రివర్ బేసిన్ బొగ్గులో బాగా తక్కువ. అందుకే ఒకే రకం పరికరాలున్న రెండు కేంద్రాల్లో ఒకటి పాదరసాన్ని చాలావరకు ఆపుతుంది, ఇంకొకటి చాలావరకు వదిలేస్తుంది. బొగ్గు కొనుగోలు రికార్డులు, ల్యాబ్ రిపోర్టులు తెప్పించుకోకుండా ఏ కంపెనీ ఇంజినీరుతోనూ చర్చకు కూర్చోకు.

ఇక అంకె సంగతి. "90 శాతం తగ్గించాలి" అన్న మాట వినడానికి బాగుంటుంది. దేనిలో 90 శాతం? పాదరసం ఎక్కువున్న బొగ్గు కాల్చేవాడు 90 శాతం తగ్గించినా, మంచి బొగ్గు కాల్చేవాడి కన్నా ఎక్కువే వదలొచ్చు. మసాచుసెట్స్ 2004లో రాసిన నిబంధన చూడు. 2008 నాటికి 85 శాతం తగ్గించాలి లేదా తయారైన గిగావాట్ గంట (పది లక్షల యూనిట్ల) కరెంటుకు 0.0075 పౌండ్లు మించకూడదు, 2012 అక్టోబరు నాటికి 95 శాతం లేదా 0.0025 పౌండ్లు అని రెండు దారులూ ఇచ్చింది. నాకైతే తయారైన కరెంటుకు ముడిపెట్టిన లెక్కే నచ్చుతుంది. తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు తీసేవాడికి అందులో న్యాయం జరుగుతుంది.

సగటు కాలం దగ్గర మాత్రం అస్సలు మెత్తబడకు. విద్యుత్ కేంద్రాల పాదరసం మీద ఉన్న ఫెడరల్ నిబంధన మ్యాట్స్‌లో, లిగ్నైట్ (నాసిరకం బొగ్గు) కాని బొగ్గుకు ట్రిలియన్ బీటీయూ (వేడి కొలత) కి 1.2 పౌండ్లు, అదీ బాయిలర్ నడిచిన గత 30 రోజుల సగటు మీద, రోజూ ముందుకు జరుపుతూ లెక్కకట్టాలి. కంపెనీలు నిన్ను ఏడాది సగటు అడుగుతాయి. "మొత్తానికి గాలిలోకి పోయేది అంతేగా" అంటారు. ఏడాది సగటు ఇచ్చావంటే పాదరసాన్ని పట్టడానికి పొగలోకి కార్బన్ పొడి చల్లే ఫీడరు రెండు వారాలు ఆగిపోయినా ఎవరికీ తెలియదు. యూనిట్లన్నీ కలిపి సగటు వేస్తామన్నా అంతే, పాత యూనిట్ కొత్తదాని చాటున దాక్కుంటుంది.

బాయిలర్ లేపే గంటలు (స్టార్టప్), అంటే పరిమితి లెక్కలోంచి వదిలేసే గంటలు కూడా జాగ్రత్తగా చూడు. ఇప్పుడు చాలా కేంద్రాలు మునుపటిలా ఏకధాటిగా నడవట్లేదు, ఆపి మళ్ళీ లేపడం పెరిగింది. స్టార్టప్ ఎప్పుడు ముగుస్తుందో నువ్వు రాయకపోతే వాళ్ళే రాసుకుంటారు. ఫెడరల్ నిబంధనలోనే కరెంటు మొదలైన నాలుగు గంటల తర్వాత దాకా సాగదీసే వెసులుబాటు కొన్నేళ్ళుంది. 2024లో తీసేశారు. కరెంటు తయారవడం మొదలైతే స్టార్టప్ ముగిసినట్టే అని సూటిగా రాసెయ్యి.

కొలత సంగతి ఆఫీసులో కూర్చుంటే అర్థం కాదు, ఒకసారి చిమ్నీ ఎక్కి చూడు. సోర్బెంట్ ట్రాప్ అంటే లోపల రసాయనం పట్టించిన కార్బన్ నింపిన సన్నటి గాజు గొట్టం. రెండు గొట్టాలు జంటగా పెట్టి పొగను లాగుతారు, రెండింటి ఫలితాలూ దగ్గరగా ఉండాలి. ఒక్కో గొట్టంలో కార్బన్ పొరలు విడివిడిగా ఉంటాయి. రెండో పొరలో పాదరసం బాగా కనబడిందంటే మొదటిది పూర్తిగా పట్టలేదన్నమాట, ఆ శాంపిల్‌ను అనుమానించాల్సిందే. పద్ధతి మంచిదే, కానీ గొట్టం రోజుల తరబడి లోపలే ఉంటుంది కాబట్టి ఏ రోజు ఎక్కువ వదిలారో చెప్పదు. పెద్ద కేంద్రాలకు గంటగంటకూ చూపించే నిరంతర మానిటర్ అడుగు.

పాదరసాన్ని మిగతా కాలుష్యాల నుంచి విడదీసి చూడకు. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పెట్టే ఎస్‌సీఆర్ అనే పరికరంలోని కేటలిస్టు పాదరసాన్ని కరిగే రూపానికి మారుస్తుంది, సల్ఫర్ కోసం పెట్టిన స్క్రబ్బర్ దాన్ని పడుతుంది. ఇది చూపించి "మాకు విడిగా ఏమీ అక్కర్లేదు" అంటారు. ఎస్‌సీఆర్‌ను ఏడాదంతా నడుపుతున్నారా, లేక ఓజోన్ సీజన్లో (వేసవి నెలల్లో) మాత్రమేనా అని అడుగు. చలికాలంలో పొగను ఎస్‌సీఆర్‌లోకి పంపకుండా పక్కదారి పట్టిస్తే ఆ నెలల్లో పాదరసం చిమ్నీలోంచే పోతుంది.

పట్టుకున్న పాదరసం మాయమవదు కూడా. కార్బన్ పొడి చల్లితే అది బూడిదలో చేరుతుంది. కాంక్రీటులో చిన్న గాలి బుడగల కోసం వేసే రసాయనాన్ని ఆ కార్బన్ పీల్చేస్తుంది, అప్పుడు బూడిద అమ్ముడుపోక గుట్టలుగా పేరుకుంటుంది. మిషిగన్‌లోని ప్రెస్క్ ఐల్ కేంద్రంలో అసలు బూడిదను ముందే తీసేసి, ఆ తర్వాత కార్బన్ చల్లి, విడి బ్యాగ్‌హౌస్‌లో పట్టారు. ఖర్చు ఎక్కువే, అయినా అలాంటి దారి ఉందని నీ ఫైల్లో ఉండాలి. స్క్రబ్బర్ నీళ్ళ గురించి నీటి విభాగం వాళ్ళను ఇప్పుడే పిలిచి కూర్చోబెట్టు. పాదరసాన్ని కరిగే రూపానికి మార్చడం కోసం బ్రోమిన్ వాడితే అది నదిలో కలిసి, కింద ఊళ్ళ తాగునీటి శుద్ధిలో కొత్త తలనొప్పి తెస్తుంది.

"ఎలాగూ కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉందిగా, దాన్నే అమలు చేద్దాం" అని మీ పైవాళ్ళలో ఎవరో ఒకరు అంటారు. వాళ్ళకు ఈ చరిత్ర చెప్పు. 2005లో ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) పాదరసం వదిలే పర్మిట్లను కంపెనీలు కొనుక్కునే, అమ్ముకునే పద్ధతి తెచ్చింది. కరిగే రూపంలోని పాదరసం కొంత దగ్గర్లోని చెరువుల్లోనే పడుతుంది. పర్మిట్లు కొనుక్కున్న కేంద్రం పక్కన ఉన్నవాళ్ళకు దానివల్ల ఏం ఒరుగుతుంది? 2008 ఫిబ్రవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. మసాచుసెట్స్, ఇల్లినాయ్, మేరీల్యాండ్ లాంటివి సొంత నిబంధనలు రాసుకున్నాయి కాబట్టి వాటి పని ఆగలేదు. 2012లో మ్యాట్స్ వచ్చింది. 2015లో సుప్రీంకోర్టు, నియంత్రించాలా వద్దా అని తేల్చేటప్పుడే ఖర్చు చూడాల్సిందని ఈపీఏను తప్పుపట్టింది. 2024లో నిబంధన బిగిస్తే 2025లో ఆ మార్పుల్ని వెనక్కి తీసుకుంటామన్నారు. అందుకే ఫెడరల్ సెక్షన్ నంబరు చూపించి ఊరుకోకు, అంకెలు, పద్ధతులు మీ నిబంధనలోనే పూర్తిగా రాయి. ఖర్చుల లెక్క మొదటి రోజు నుంచే ఫైల్లో పెట్టు.

ఆ ఫైల్లోనే ఏ చెరువు చేప ఎంత తినొచ్చో ప్రభుత్వం చెప్పే సలహాలూ పెట్టు. నీటి అడుగు బురదలోని బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది, చిన్న చేప నుంచి పెద్ద చేపకు అది పెరుగుతూ పోతుంది. గర్భిణి తిన్న చేపలోది కడుపులో బిడ్డ మెదడు దాకా చేరుతుంది. పట్టిన చేపతోనే ఇల్లు గడుపుకునేవాళ్ళు హియరింగుకు లీవు పెట్టి రాలేరు. కాబట్టి హియరింగు సాయంత్రం పెట్టించు, చెరువుల దగ్గరి ఊళ్ళోనే పెట్టించు. ఈ విషయంలో నీ మాట నెగ్గకపోతే నాకు చాలా బాధగా ఉంటుంది.

డ్రాఫ్టు అయ్యాక పంపు. నిర్వచనాలు, సగటు కాలం, మానిటరింగ్ ఉన్న పేజీలు ముందు పంపు, ముందుమాట తర్వాత చూసుకుందాం. స్టార్టప్ నిర్వచనం మీద కంపెనీ ఏమైనా ఉత్తరం రాసి ఉంటే దాని కాపీ కూడా జత చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న