రెండు రూపాయల వడ్డీ తప్పించుకోడానికి మూడు రూపాయల అప్పా?

ప్రశ్న: విజయనగరం తోటపాలెంలో మాకు 850 చదరపు అడుగుల డాబా ఇల్లు ఉంది. వీధి వైపు గదిలో మా ఆవిడ టైలరింగ్ షాపు పెట్టుకుంది. ప్లాన్ తీసుకునే పైన ఒక అంతస్తు వేశాం కానీ వెనక వైపు రెండడుగులు ఎక్కువ వచ్చింది. ఆరు నెలలకి 1,900 ఉండే ఇంటి పన్ను ఇప్పుడు 8,100 వేశారు. కింది ఇంటికి 3,700, మేడకి 2,200, అనుమతి లేని కట్టడమని పెనాల్టీ మరో 2,200. రెండు దఫాలు కట్టలేదు. తగ్గించిపెడతానని ఒకాయన 15,000 అడుగుతున్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి, బకాయి తీర్చి, ఆయనకిచ్చి, మిగిలింది సిరిమాను పండక్కి వాడుకుందామని ఆలోచన. జీతం 34,000, ఇంటి ఖర్చు 26,000, చీటీకి 5,000. బ్యాంకులో 6,000 ఉంది. లక్ష రూపాయల చీటీ ఇంకా ఆరు నెలలుంది, ఆ డబ్బు మేడ మీద టైల్స్‌కని పెట్టుకున్నాం.

జవాబు: ముందు అప్పు సంగతి. బకాయి మీద మున్సిపాలిటీ వేసేది నెలకి 2 శాతం. మీ 16,200కి అది 324 రూపాయలు. దాన్ని వదిలించుకోడానికి మీరు తేబోయే 40,000కి వడ్డీ నెలకి 1,200. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక కూడా అప్పుకి వెళ్తానంటే ఇక నేను చెప్పేదేమీ లేదు. పండక్కి చుట్టాలొస్తారు, కాదనను. వాళ్ళకి పెట్టే భోజనం మూడు రూపాయల వడ్డీది కాకూడదు.

ఆ 15,000 ఆయనకి ఇవ్వకండి. ఇలాంటివాళ్ళు చేయించేది రికార్డులో కొలతలు తగ్గించి రాయించడం. మళ్ళీ కొలిచిన రోజు తేడా బయటపడుతుంది, అప్పటికి ఆయన ఫోన్ ఎత్తడు. మీ నోటీసులో నిజంగానే తప్పులున్నాయి, వాటిని సరిచేయించుకోడానికి మధ్యవర్తి అక్కర్లేదు.

మొదటిది పెనాల్టీ. మేడ పన్ను 2,200, పెనాల్టీ కూడా 2,200 అంటే నూటికి నూరు వేశారు. అది అనుమతి లేని అంతస్తుకి వేసేది. మీకు ప్లాన్ ఉంది, కొలతలకి వచ్చినప్పుడు చూపించి ఉండరు. అనుమతి ఉన్న అంతస్తులో సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, మాత్రమే అతిక్రమిస్తే, అది ఆ ఖాళీలో 10 శాతం లోపైతే పన్నులో 25 శాతం, దాటితే 50 శాతం. రెండడుగులంటే 50లోనే పడతారనుకోండి, అయినా పెనాల్టీ 1,100కి దిగుతుంది. ఇది ఏటా పడేది కాబట్టి తగ్గింపూ ఏటా ఉంటుంది. పెనాల్టీ కడుతున్నాం కదా అని ఆ రెండడుగులు సక్రమమైపోయాయనుకోకండి.

రెండోది కింది ఇల్లు. 3,700 వచ్చిందంటే షాపు గదితో పాటు ఇల్లంతా వాణిజ్యం కింద రాసినట్టుంది. నోటీసులో వినియోగం అన్న గడి చూడండి. షాపు 10 అడుగులకి 12 అయితే వాణిజ్యం 120 చదరపు అడుగులే, మిగతా 730 నివాసం. షాపుకి వేరే మీటరుంటే రెండు కరెంటు బిల్లులూ జతచేయండి, అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. రేకుల వరండా ఏదైనా ఉంటే దాన్ని స్లాబు కింద లెక్కేశారేమో కూడా చూసుకోండి.

పన్ను మళ్ళీ పరిశీలించమని పెట్టే రివిజన్ పిటిషన్లు ఎక్కువగా వీగిపోయేది రాసే తీరు వల్ల. 'పన్ను ఎక్కువగా ఉంది, పేదవాణ్ని, దయచేసి తగ్గించగలరు' అని రాస్తే అధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. అసెస్‌మెంట్ నంబరు వేసి, నోటీసులో ఏమి రాశారు, వాస్తవం ఏమిటి, రుజువు ఏది అని ఒక్కో తప్పునీ విడిగా రాయండి. నోటీసు నకలు, ప్లాన్, అనుమతి పత్రం, పాత రసీదులు, చేత్తో గీసిన కొలతల పటం పెట్టండి. నోటీసు మీదున్న గడువులోగా ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. తనిఖీకి వచ్చిన రోజు టేపు పట్టుకుని మీరూ అక్కడే ఉండండి. పక్కింటి పన్నుతో పోల్చకండి. 2021లో మూలధన విలువ పద్ధతి, అంటే భూమి, కట్టడం విలువని బట్టి పన్ను వేయడం, వచ్చినప్పుడు పాత ఇళ్ళకి ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు, కొత్తగా కట్టిన భాగానికి ఆ రక్షణ లేదు. భూమి విలువ రిజిస్ట్రేషన్ శాఖది కనక దాని మీద వాదన దండగ, మీ సందుకి మెయిన్ రోడ్డు రేటు వేశారేమో మాత్రం చూడండి.

పిటిషన్ వేశాం కదా అని కట్టడం ఆపకండి, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కట్టేసి, తగ్గిన మేరకు వచ్చే దఫాలో సర్దుబాటు చేయమని అదే పిటిషన్‌లో అడగండి.

కట్టడానికి డబ్బు మీ దగ్గరే ఉంది, టైల్స్ పేరుతో. చీటీ పాడండి. కమీషన్, పాటలో పోయేది తీసేసి 90,000 చేతికొస్తే చాలు. బాగా తగ్గిపోతుంటే ఆ నెల వదిలేయండి, ఆగినందుకు పడేది 324 రూపాయలే. బకాయి, వడ్డీ కలిపి 17,000 పోతే 73,000 మిగులుతుంది. మీ మూడు నెలల ఖర్చు 78,000. ఆ 73,000 టైల్స్‌కి కాదు, కదపకుండా విడి ఖాతాలో ఉండాలి. మీరున్నది తుపాన్ల దారిలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటూ ఏటీఎంలూ ఎన్నాళ్ళకి తేరుకున్నాయో మీకు తెలియనిది కాదు. అందులో ఐదారు వేలు నోట్ల రూపంలో ఇంట్లోనే ఉంచండి. మేడ వేసి, బ్యాంకులో 6,000తో కూర్చోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు, పన్ను నోటీసు దాన్ని బయటపెట్టిందంతే.

బంగారం మీద బ్యాంకు అప్పు మూడు రూపాయల వడ్డీ కన్నా నయమే, మీకిప్పుడు అదీ అక్కర్లేదు. ఇంటికి బీమా లేకపోతే తీసుకోండి.

చీటీ అయిపోయాక ఆ 5,000లో 1,350 ప్రతి నెలా పన్ను పేరున వేయండి. ఏప్రిల్ 30లోగా ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ. టైల్స్ ఆ తరవాత.