పార్-లోఁ అనాలా, పార్ల్-ఓఁ అనాలా?

ఫ్రెంచ్‌లో ‘మేం మాట్లాడతాం’ అనే అర్థమిచ్చే ‘నూ పార్లోఁ’ని మీ పుస్తకం పార్-లోఁ అని విడగొట్టింది, మీ టీచరేమో పార్ల్-ఓఁ అని రాశారు, ఏది సరైనదని కదా అడిగారు. రెండూ సరైనవే. మొదటిది నోటి లెక్క, రెండోది అర్థం లెక్క. మన పద్యానికి గణవిభజన వేరు, పదవిభజన వేరు అయినట్టే. ‘పోలిక’ అనే మాటలో ‘పో’ ఒక గణంలోనూ ‘లిక’ తర్వాతి గణంలోనూ పడినా మనం కంగారుపడం కదా!

నాకిది తెలిసొచ్చింది ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న తులూజ్‌లో, మా వంటింటి బల్ల దగ్గర. మా పాప అప్పుడు ఒకటో తరగతి. మాట రాసి ఒక్కో సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) కింద గిన్నెలాంటి గీత గీయమని బళ్లో చెప్పారు. తను పార్ కింద ఒకటి, లోఁ కింద ఒకటి గీసింది. నా సాయంత్రం క్లాసు హోంవర్కులో అదే మాటను నేను ల్ తర్వాత నిలువుగీత పెట్టి కోశాను. "నాన్నా, ల్ అవతలి గిన్నెలో పడాలి" అంది. తన లెక్కలో అది నిజం. నా లెక్క వేరని ఆరేళ్ల పిల్లకి చెప్పాల్సొచ్చినప్పుడే నాకూ స్పష్టమైంది.

తెలుగు లిపిలో రాసుకునేవాళ్లకి ఇంకో చిక్కుంది. అతుకు అక్షరం లోపలికి వెళ్లిపోతుంది. ‘లోఁ’లో ల్ ధాతువుది, ముక్కుతో పలికే ఓఁ ‘మేము’ని చెప్పే ప్రత్యయం. మన ‘మాట్లాడాము’లోనూ డ్ ధాతువుది, ‘ఆ’ భూతకాలానిది, కలిసి ‘డా’ అయ్యాయి. అందుకే ధాతువును ఎప్పుడూ పొల్లుతో రాసుకోండి. అప్పుడు ఇవి చూడండి:

పార్ల్+ఓఁ, మాట్లాడతాం.
పార్ల్+ఇ+ఓఁ, అప్పట్లో మాట్లాడేవాళ్లం.
పార్ల్+ఎర్+ఓఁ, ఇకముందు మాట్లాడతాం.
పార్ల్+ఎర్+ఇ+ఓఁ, వీలుంటే మాట్లాడేవాళ్లం.

చివరిదానికి నోట్లో మూడే ముక్కలు, పార్-లె-ర్యోఁ. అర్థంలో నాలుగు. ఆ ఎర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే భవిష్యత్తు రూపాలు బట్టీ పట్టనక్కర్లేదు. లాటిన్ చివరి రోజుల్లో ‘మాట్లాడటం’ పక్కన ‘కలిగి ఉన్నాను’ చేర్చి చెప్పేవారు, ‘నాకు మాట్లాడేది ఉంది’ అని మనమన్నట్టు. ఆ రెండూ అతుక్కుని ఒకే మాట అయ్యాయి. ‘మాట్లాడటం’ చివరి ముక్క ఎర్‌గా, ‘మాకు ఉంది’ అనే నూ జవోఁ చివరి ఓఁ తోకగా ఇక్కడ మిగిలాయి.

సిలబుళ్ల లెక్కని మాత్రం అతిగా నమ్మకండి, ఊరు మారితే మారుతుంది. ‘ఇస్తాను’ అనే భవిష్యత్తు రూపాన్ని పారిస్‌లో దొన్-రే అంటారు. తులూజ్ యాసలో అది దొ-నె-రే. దొన్+ఎర్+ఏ అనే అర్థపు ముక్కలు రెండుచోట్లా అవే.

రెండు లెక్కలూ ఒకదాన్నొకటి తాకే చోటు కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. ‘కొనడం’ అనే అర్థమిచ్చే ఫ్రెంచ్ క్రియ అష్తే తీసుకోండి. ‘కొంటాం’ అన్నప్పుడు ఓఁ ప్రత్యయం ధాతువు చివరి త్‌ని తనవైపు లాక్కుంటుంది. దాని ముందున్న ఎకి ఆసరా పోయి దాదాపు మాయమవుతుంది: అష్-తోఁ. ‘కొంటాను’లో ప్రత్యయం పలకదు కాబట్టి త్ వెనక్కొచ్చి సిలబుల్‌ని మూస్తుంది, ఎ నిండుగా వినిపిస్తుంది: అ-షెత్. రాసేటప్పుడు ఆ ఎ మీద పెట్టే ఏటవాలు గీత దీనికోసమే. అష్తోఁలో అది ఉండదు.