లంక నుంచి నర్సింగ్ స్కూలుకు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది పి.గన్నవరం మండలంలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామం. బైపీసీ తెలుగు మాధ్యమంలో ఇంటర్ పూర్తిచేసి పదకొండేళ్లయింది. ఆ మరుసటి ఏడాదే పెళ్లి కావడంతో చదువు ఆగిపోయింది. ఇప్పుడు నాకు 29 ఏళ్లు, పాప మూడో తరగతి చదువుతోంది, మా వారు కొబ్బరి దింపు పనికి వెళతారు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి నెల రోజులు ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉన్నప్పుడు నర్సు కావాలనే కోరిక కలిగింది. ఈ ఏడాది అమలాపురంలో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) సీటు వచ్చింది. మా పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ కాలేజీ గడప తొక్కిన ఆడవాళ్లు లేరు. పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని ఆ ఇంగ్లీషు పుస్తకాలు చదవగలనా?

జవాబు: అమ్మా, ముందుగా వయస్సు సంగతి. మూడేళ్ల జీఎన్‌ఎం కోర్సుకు భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన వయోపరిమితి 17 నుంచి 35 ఏళ్లు కనుక ఆ బెంగ మీకు అక్కర్లేదు. పైగా కదలలేని మనిషిని పక్కకు తిప్పడం, తడిసిన పక్క మార్చడం, పొరబోకుండా తినిపించడం మీరు నెల రోజులు స్వయంగా చేశారు. మీ పక్కన కూర్చోబోయే పిల్లలకు అవన్నీ మొదటి నుంచి నేర్పవలసిన పనులు.

ఇంగ్లీషు గురించిన భయం సహజమే. అయితే వైద్యంలో వాడే పెద్ద పెద్ద మాటలు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలను అతికించి చేసినవి కాబట్టి, ఇంగ్లీషు మాధ్యమంలో చదివి వచ్చిన అమ్మాయికి కూడా మొదటి రోజున అవి కొత్తగానే ఉంటాయి. తెలుగు వ్యాకరణంలో సంధి విడదీసినట్టు విడదీయండి, లొంగుతాయి. ‘ఐటిస్’ అంటే వాపు, ‘ఎక్టమీ’ అంటే కోసి తీసివేయడం. అపెండిక్స్ వాస్తే అపెండిసైటిస్, దానిని తీసివేస్తే అపెండిసెక్టమీ. ‘నెఫ్రో’ మూత్రపిండానికీ, ‘హెపాటో’ కాలేయానికీ, ‘గ్యాస్ట్రో’ జీర్ణాశయానికీ గుర్తులు. నోటుపుస్తకంలో ఒకవైపు ముక్క, మరోవైపు తెలుగు అర్థం రాసుకుని, రోజుకు ఐదేసి చొప్పున వంట చేసే వేళ మీ పాపచేత అడిగించుకోండి. మరీ జాగ్రత్తగా చూసుకోవలసినవి ‘హైపో’, ‘హైపర్’. మొదటిది తక్కువను చెబుతుంది, రెండవది ఎక్కువను చెబుతుంది. రక్తంలో చక్కెర పడిపోయిన మనిషికి వెంటనే చక్కెర అందాలి. పెరిగిన మనిషికి అదే హాని చేస్తుంది. అందుకే సరిగా వినబడకపోతే రెండోసారి అడగండి, మూడోసారి కూడా అడగండి.

ఈ అడగడం గురించే మీకు ముఖ్యంగా చెప్పాలి. నేను చాలా ఏళ్లు నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పాను. మొదటి ఏడాదిలోనే చదువు వదిలేసిన వాళ్లలో ఎక్కువమంది, తెలియని సంగతిని తెలియదని చెప్పడానికి నోరు రాక వెనకబడిన వాళ్లే. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే కావడం వల్ల ఆ బిడియం నాకు బాగా తెలుసు. మొదటి పోస్టింగులో ఒక ముసలావిడ నాడి నా వేళ్లకు అందలేదు. పక్క మంచాల చార్టులలో 72, 76 అని ఉండడం చూసి నేను కూడా 72 అని రాసేశాను. ఇన్‌ఛార్జి సిస్టర్ ఆ చార్టు చూసి, ఒక్క మాట కూడా అనకుండా నా చూపుడువేలినీ మధ్యవేలినీ పట్టుకుని ఆవిడ మణికట్టు మీద బొటనవేలి వైపున ఆనించి, గడియారం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టించారు. పెద్దవారిలో 60 నుంచి 100 మధ్య ఉండవలసిన నాడి 118 ఉంది. ఆవిడకు జ్వరం మొదలైంది. ‘నాకు అందడం లేదు సిస్టర్’ అని అడిగి ఉంటే ఆ జ్వరం ముందే తెలిసేది.

చార్టులోని అంకెకు ఎంత విలువ ఉందో ఫ్లారెన్స్ నైటింగేల్ లోకానికి చూపించారు. క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలకు లెక్కలు కట్టి, వాటిలో ఎక్కువ భాగం గాయాల వల్ల కాక రోగాల వల్ల జరిగినవని నిరూపించారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపి, భారతదేశానికి కాలువలు కావాలని ఇంగ్లండులో వాదించింది కూడా ఆవిడే. మన కాలువ గట్ల మీదుగా నర్సింగ్ స్కూలుకు వెళ్లే అమ్మాయిలందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

లెక్కలు వదిలి చాలా కాలమైంది కాబట్టి ఇప్పటినుంచే మొదలుపెట్టండి. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 8 గంటల్లో ఎక్కించాలి, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు ఉంది అనుకుందాం. 500ను 20తో హెచ్చవేసి, 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 21 చుక్కలు. ఇటువంటివి రోజుకు రెండు చేయండి.

మీ విషయంలో నన్ను నిజంగా కలవరపెడుతున్నది గోదావరి. పరీక్షకు కూర్చోవాలంటే థియరీలోనూ ప్రాక్టికల్స్‌లోనూ 80 శాతం హాజరు ఉండాలి. డిప్లొమా చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ నూటికి నూరు శాతం పూర్తికావాలి కనుక, తప్పిపోయిన వార్డు డ్యూటీని తరువాత చేసి తీర్చుకోవలసిందే. కాజ్‌వే మునిగితే లంక వాళ్లకు పడవే గతి అని మీకు నేను చెప్పనక్కర్లేదు, 2022 జూలై వరద మీరు చూసినదే. అందువల్ల వరద నెలల్లో హాస్టల్లో గానీ అమలాపురంలో బంధువుల ఇంట్లో గానీ ఉండే ఏర్పాటు, ఆ రోజుల్లో పాపను చూసుకునేది ఎవరన్న నిర్ణయం చేరకముందే మీ వారితోనూ అత్తగారితోనూ కూర్చుని తేల్చుకోండి. మీ ఊరి పరిస్థితిని మొదటి వారంలోనే ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: మా అమ్మాయి సీఈసీతో ఇంటర్ పాసైంది. ఆరు నెలల్లో నర్సింగ్ సర్టిఫికెట్ ఇస్తామని మా దగ్గర ఒక సంస్థ వారు అంటున్నారు. చేర్పించవచ్చా? – ఒక తండ్రి, మండపేట

జవాబు: వద్దండీ. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కితేనే నర్సుగా పనిచేసే అర్హత వస్తుంది, ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆ పేరు ఎక్కదు. ఆర్ట్స్ గ్రూపుతో ఇంటర్ చదివిన అమ్మాయి కూడా రెండేళ్ల ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) కోర్సులో చేరవచ్చు. ఏ సంస్థకు వెళ్లినా, దానికి ఈ సంవత్సరానికి కౌన్సిల్ గుర్తింపు ఉన్నట్టు చూపే పత్రాన్ని మీ కళ్లతో చూసి, ఫీజు మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకుని, ఆ తరువాతే డబ్బు కట్టండి.